సగం డబ్బులు వాడివి, పాస్‌వర్డ్ నాది

2025 దసరాకి తెనాలి వెళ్తూ లాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళాను. గుమ్మంలోనే మా అమ్మ "పండక్కొచ్చావా, పన్జేసుకోడానికొచ్చావా?" అంది. ఆఫీసు పనుందమ్మా, రిలీజు దగ్గరపడింది అన్నాను. శుద్ధ అబద్ధం. నాలుగు రోజులూ లీవు పెట్టే వెళ్ళా. బ్యాగులో ఉన్నది ఆఫీసు లాప్‌టాప్ కూడా కాదు, నా సొంతది, గ్రాఫిక్స్ కార్డు ఉన్నది. తొమ్మిదేళ్ళ కిందట నేను తిట్టి, డిలీట్ చేసి, చాంతాడంత రివ్యూ రాసి మరీ వదిలేసిన ఒక ఆటని దాంట్లో మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యాలని నా ప్లాను. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఈ వయసులో ఇదేం పనిరా అని మీరంటే నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ దగ్గర మాత్రం చాలా జవాబులున్నాయి :)

ఆట పేరు నో మ్యాన్స్ స్కై. తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మీకో చిన్న ఓడ ఉంటుంది. ఏదో ఊరూ పేరూ లేని గ్రహం మీద కూలిపోయి ఉంటుంది. రాళ్ళూ రప్పలూ తవ్వి దాన్ని బాగుచేసుకుని ఎగరాలి. ఆ తర్వాత నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకుకుంటూ పోవడమే. ఎవరూ చూడని గ్రహం మీద దిగితే దానికి మీరే పేరు పెట్టొచ్చు. అక్కడి జంతువుకీ చెట్టుకీ కూడా.

దీన్ని చేసింది ఇంగ్లండులో గిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో హలో గేమ్స్ అనే చిన్న కంపెనీ. 2013 డిసెంబరులో మొదటి ట్రైలర్ చూపించారు. మూడు వారాలు తిరక్కుండానే క్రిస్మస్ ముందురోజు వరదొచ్చి వాళ్ళ ఆఫీసు మునిగిపోయింది. మళ్ళీ నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత మొదలైంది అసలు గోల. మా ఆటలో 18,446,744,073,709,551,616 గ్రహాలుంటాయి అన్నారు. మన లెక్కలో లక్షా 84 వేల కోట్ల కోట్లు. సెకనుకొక గ్రహం చొప్పున చూసుకుంటూ పోయినా అన్నీ అయ్యేసరికి 58 వేల కోట్ల ఏళ్ళు పడుతుంది. ఈ విశ్వం వయసే సుమారు 1380 కోట్ల ఏళ్ళు.

మన బ్యాచ్ వాళ్ళకి ఆ అంకె చూడగానే వెలగాలి. అది రెండు టు ది పవరాఫ్ 64. చదరంగం గళ్ళలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే పాత కథలోని లెక్కే. గ్రహాలేవీ ఎక్కడా దాచిపెట్టి ఉండవు. ఒక్కో గ్రహానికి ఒక 64 బిట్ల సంఖ్య ఉంటుంది, సీడ్ అంటాం కదా, అది. ఆ సంఖ్యని ఒక ఫంక్షన్‌కి ఇస్తే కొండలు, సముద్రం, గాలి, జంతువులు అన్నీ అప్పటికప్పుడు లెక్కగట్టి బయటకి తీస్తుంది. సంఖ్య అదే అయితే గ్రహమూ అదే. వెళ్ళిపోయి మళ్ళీ వచ్చినా అదే కొండ పక్కన అదే గుంట ఉంటుంది. ఇది గొప్ప ఇంజినీరింగే, కాదనను. కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఒక ఇంటిజర్ సైజుని పోస్టరు మీద వేసి అమ్మిన ఘనత కూడా వాళ్ళదే.

2016 ఆగస్టు 12న పీసీకి వచ్చింది. అప్పుడు మేం బాపట్లలో ఇంజినీరింగ్ మూడో ఏడాది. స్టేషను దగ్గర ఒక మేడ మీద గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం, నేనూ ఒక రేపల్లె వాడూ. వాణ్ణి అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. క్రికెట్ వల్ల వచ్చిన పేరు కాదు, ఏ సినిమాకి వెళ్ళినా టికెట్లు వాడే తెచ్చేవాడు, అందుకని. కంప్యూటర్ వాడిది, స్టీమ్ అకౌంటు నాది, డబ్బులు చెరి సగం. జియో రావడానికి ఇంకా మూడు వారాలుంది. ఆట డౌన్‌లోడ్ చెయ్యడానికి మేం పడిన తిప్పలు ఇంకో పెద్ద కథ.

మొదటి రాత్రి తొమ్మిది గంటలు ఏకబిగిన ఆడాం. పొద్దున్నే సూర్యలంక వెళ్ళి ఇసకలో కూర్చుని ఆట గురించే మాట్లాడుకున్నాం. నాలుగో రోజుకి అర్థమైంది, ఆ లక్షల కోట్ల కోట్లలో మేం చూసిన ఇరవై గ్రహాలూ ఒక్కటేనని. రంగు మారుతుంది, కాళ్ళ సంఖ్య మారుతుంది, అంతే. చెయ్యడానికేం లేదు. ట్రైలర్లో చూపించినవి సగం లేవు. కలిసి ఆడొచ్చు అన్నట్టు ఇంటర్వ్యూల్లో చెప్పుకొచ్చారు. తీరా విడుదలైన మొదటి రోజే ఇద్దరు ఆటగాళ్ళు కావాలని ఒకే గ్రహం మీద ఒకే చోటికి వచ్చి నిలబడితే ఒకరికొకరు కనపళ్ళేదు. ప్రపంచమంతా తిట్టిపోసింది. స్టీమ్‌లో డబ్బులు వెనక్కి అడుగుదామంటే రెండు గంటల్లోపు ఆడి ఉండాలి. మేం మొదటి రాత్రే తొమ్మిది గంటలు ఆడేశాం కదా.

నేను రివ్యూ రాశాను. అప్పటికి నాకొచ్చిన ఇంగ్లీషు తిట్లన్నీ అందులో ఉన్నాయి. కెప్టెన్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. వాడికి ఆట బావుందా లేదా అన్నదానితో పనే లేదు. పేర్లు పెట్టుకుంటూ పోయేవాడు. మొదటి గ్రహానికి తెనాలి. అక్కణ్ణుంచి ఒక్కో దూకుకీ ఒక్కో పేరు: చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన. తెనాలి రేపల్లె బండి ఎక్కినవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, అవి వరసగా స్టేషన్లు. 1916లో వేసిన లైను అది. దాన్ని వాడు సరిగ్గా వందేళ్ళకి ఆకాశంలోకి పొడిగించాడన్నమాట. ఏ గ్రహానికి ఏ పేరు అన్నదాంట్లో కూడా వాడికో లెక్కుండేది. ఆ ఆటలో అక్కడక్కడా రాళ్ళుంటాయి, ముట్టుకుంటే గ్రహాంతరవాసుల భాషలో ఒక్కో మాట నేర్పుతాయి. అలాంటి రాళ్ళు ఎక్కువగా ఉన్నదానికి భట్టిప్రోలు అని పెట్టాడు, స్తూపంలో దొరికిన భరిణెల మీది బ్రాహ్మీ అక్షరాల గుర్తుగా. రేపల్లె పేరు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాడు. మంచిది దొరికాక పెడతా మావా, లైను అక్కడితో ఆగిపోతుంది కదా అనేవాడు.

నవంబరులో వాడికి ఎం-2 సప్లీ పరీక్ష ఉంది. పుస్తకం తియ్యడు. నాకు ఆట మీద కసి, వాడి మీద చిరాకు. ఒక రోజు వాడు ఇంటికెళ్ళినప్పుడు ఆట అన్‌ఇన్‌స్టాల్ చేసి పాస్‌వర్డ్ మార్చేశాను. వాడి మంచికేనని అనుకున్నాను. అలాగే చెప్పాను కూడా. వాడు అరవలేదు. "అయితే నా సగం నాకిచ్చెయ్" అన్నాడు. అవి నోట్ల రద్దు రోజులు. "ఏటీఎంలో డబ్బుల్లేవుగా, వచ్చాక ఇస్తా" అన్నాను. దేశమంతా నిజంగానే లైన్లలో నిలబడి ఉంది కాబట్టి ఆ వంక అంత బాగా కుదిరింది. ఏటీఎంలలోకి డబ్బులొచ్చాయి. నేనివ్వలేదు. పనికిరాని సరుకు కొన్నాం, ఇద్దరికీ నష్టమే, నేనెందుకివ్వాలి అని నాకు నేను చెప్పుకున్నాను. రెండో సెమిస్టరుకి గదులు మారాయి. గొడవ పడలేదు, మాట్లాడుకోవడం తగ్గింది, ఆగిపోయింది. అంతే.

ఒక్క పని మాత్రం చేశాను. తీసేసే ముందు సేవ్ ఫోల్డరుని నా గూగుల్ డ్రైవ్‌లో పడేశాను. జాలితో చేసింది కాదు. బ్యాకప్ లేకుండా ఏదీ డిలీట్ చెయ్యకూడదన్న భయం, అంతే.

నేను పాస్‌వర్డ్ మార్చిన పది రోజులకి, నవంబరు 27న ఆ ఆటకి మొదటి పెద్ద అప్‌డేట్ వచ్చింది. దాని పేరు ఫౌండేషన్. అందులో ఇళ్ళు కట్టుకోవచ్చు.

ఆ తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2017లో రెండు అప్‌డేట్లు. రెండోదాంట్లో పక్క ఆటగాడు కనిపించడం మొదలైంది, అదీ మనిషిలా కాదు, గాల్లో తేలే వెలుగు బంతిలా. 2018 జూలైలో నెక్స్ట్ వచ్చాక మనిషికి మనిషి కనిపించాడు. 2019లో బియాండ్. 2020లో గేమ్ అవార్డ్స్‌లో నిరంతరం నడిచే ఆటల విభాగంలో బహుమతి. 2024 చివరికి స్టీమ్‌లో మొత్తం రివ్యూల లెక్క 'వెరీ పాజిటివ్'కి ఎక్కింది. 2025 ఆగస్టులో వాయేజర్స్ వచ్చింది, ఓడని మనమే ముక్క ముక్క పేర్చి కట్టుకుని లోపల తిరగొచ్చు. అదనపు డబ్బులు ఒక్కదానికీ అడగలేదు.

అందరూ దీన్ని వీడియో గేముల చరిత్రలోనే గొప్ప కంబ్యాక్ అంటారు. ఎంత మంచివాళ్ళో, ఇన్నేళ్ళు ఫ్రీగా ఇచ్చారు అంటారు. ఆ 'ఫ్రీ' అన్న మాట దగ్గరే నాకు పేచీ. 2016లో మొత్తం ఆట ధర తీసుకుని సగం ఆట ఇచ్చారు. మిగతా సగం తర్వాత ఇచ్చారు. మనూళ్ళో అప్పు తీర్చినవాణ్ణి దాత అనం. ఆలస్యంగా తీరిస్తే అసలే అనం. 2016 నవంబరులో బ్రిటన్ ప్రకటనల సంస్థ విచారించి స్టీమ్ పేజీలో తప్పుదోవ పట్టించిందేం లేదని తేల్చింది, ఆ సంగతి నాకు తెలుసు. అది ఆ పేజీ మాట. నేను కొన్నది పేజీ చూసి కాదు, ఇంటర్వ్యూలు చూసి.

పైగా ఈ కథకి ఇంకో పాడు గుణం ఉంది. దీన్ని చూసి పరిశ్రమ నేర్చుకున్నది "ముందు వదులు, తర్వాత సర్దుకో" అన్నదే. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 ఎలా వచ్చిందో గుర్తుందిగా. పరిశ్రమ దాకా ఎందుకు, మన పని మాత్రం ఏం తక్కువ? 2022లో మా టీము ఒక క్లయింటుకి ఒక మాడ్యూల్ ఇచ్చింది. అడిగిన పన్నెండు రిపోర్టుల్లో ఏడే పనిచేస్తాయి. మిగతావి 'ఫేజ్ 2' అని రిలీజ్ నోట్స్‌లో రాశాం. రాసింది నేనే. ఆ వాక్యానికి నాకు మెచ్చుకోలు మెయిల్ కూడా వచ్చింది. ఫేజ్ 2 రానే లేదు. ప్రాజెక్టు మారింది, నేను మారాను, క్లయింటు దగ్గర ఆ రిపోర్టులు ఎవరో ఎక్సెల్‌లో చేత్తో చేస్తూ ఉండుంటారు. మీలో ఎంతమంది ఇలాంటి 'ఫేజ్ 2' లు రాశారో గుండె మీద చెయ్యేసుకుని లెక్కపెట్టుకోండి.

అందుకే హలో గేమ్స్‌ని దాతలు అనను కానీ, అప్పు ఎగ్గొట్టలేదు అని మాత్రం గట్టిగా అంటాను. వాళ్ళకి ఎగ్గొట్టే వీలుంది. డబ్బులొచ్చేశాయి, ఆడేవాళ్ళు వెళ్ళిపోయారు, కంపెనీ మూసేసి ఇంకో పేరుతో ఇంకో ఆట తీసినా అడిగేవాడు లేడు. ఇంకా నాకు నచ్చిందేంటంటే, ఆట వచ్చిన కొత్తల్లో ఎక్కడబడితే అక్కడ మాట్లాడిన సీన్ మర్రే ఆ తర్వాత దాదాపు మూడు నెలలు నోరు మూసుకున్నాడు. సంజాయిషీలు లేవు, 'మీ ఆవేదన మాకర్థమైంది' లాంటి మెయిళ్ళు లేవు. అప్పట్లో ఆ మౌనానికి కూడా తిట్టాం, నా రివ్యూలో దానికి ప్రత్యేకంగా ఒక పేరా ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే అదే సరైన పని. మన దగ్గరైతే ముందు రూట్ కాజ్ స్లైడ్లు, తర్వాత వాటి మీద మీటింగు, తర్వాత ఆ మీటింగు మినిట్స్. బగ్గు ఎక్కడిదక్కడే.

కానీ ఈ అప్పు తీర్చడంలో ఒక తిరకాసుంది. తీర్చేవాడు ఎంత తీర్చినా, పుచ్చుకోవాల్సినవాడు ఇంట్లో ఉండాలి. 2016లో కసితో వెళ్ళిపోయినవాళ్ళలో తిరిగి రానివాళ్ళకి ఆ అప్‌డేట్లన్నీ గాలికి పోయినట్టే. నేను రాలేదు, అది నా ఇష్టం. కెప్టెన్ రాలేకపోయాడు. దానికి కారణం హలో గేమ్స్ కాదు.

సరే, దసరా దగ్గరకి వద్దాం. అమ్మ పడుకున్నాక డ్రైవ్‌లోంచి పాత సేవ్ దింపి తెరిచాను. తొమ్మిదేళ్ళ కిందటి ఫైలుని కొత్త ఆట నోరెత్తకుండా చదివింది. ఈ ఒక్క విషయానికి ఆ ఇంజినీర్లకి దణ్ణం పెట్టొచ్చు. మూడేళ్ళ కిందటి డేటాబేస్ బ్యాకప్‌ని రీస్టోర్ చెయ్యమంటే మా ఆఫీసులో మూడు టీములు ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

తెరిచాక మాత్రం నేను ఎక్కడున్నానో నాకే తెలీలేదు. ఓడ లేవాలంటే ప్లుటోనియం కావాలి, 2016లో ఎక్కడ చూసినా ఎర్ర స్ఫటికాలుగా దొరికేది. గంటసేపు వెతికా. ప్లుటోనియం అన్న పదార్థమే తీసేశారట, దాని బదులు డై-హైడ్రోజన్, అదేమో నీలం స్ఫటికం. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో గుర్తులేదు. దూకబోయి బాంబేశాను. సంచిలో ఉన్న వస్తువులు కొన్ని 'కాలం చెల్లినవి' అని చూపిస్తోంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ గ్రహానిది. సీడ్ అదే, చిరునామా అదే. కానీ మధ్యలో ఆ ఫంక్షన్‌ని మార్చారు కదా, కొండలున్న చోట నీళ్ళున్నాయి. పచ్చగా ఉండాల్సింది మంచు. మా వేపు వాళ్ళకి ఇదేం కొత్త కాదులెండి. 2022 ఏప్రిల్ 4న పొద్దున లేచేసరికి బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఎవరి ఇల్లూ అంగుళం కదల్లేదు.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: పాత సేవ్ వదిలెయ్, కొత్తగా మొదలుపెట్టు. ట్యుటోరియల్ ఉంటుంది, చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, రెండు గంటల్లో అన్నీ తెలిసిపోతాయి. నిజమే. ఆఫీసులో కూడా పాత కోడు అర్థం కానివాడు చెప్పే మొదటి మాట ఇదే, తిరగరాసేద్దాం అని. నా మటుకు నాకు ఆ సలహా నచ్చదు. కొత్త సేవ్‌లో మీరు తిరిగి వచ్చినవాళ్ళు కాదు, కొత్తగా వచ్చినవాళ్ళు. వదిలేసిన చోట ఏం వదిలేశారో అందులో ఉండదు. తెలీనితనం, సిగ్గు, ఆ గంటసేపు ప్లుటోనియం వెతుకులాట, అవన్నీ కలిస్తేనే తిరిగి రావడం. లేకపోతే డబ్బులు పెట్టి ఇంకో ఆట కొన్నట్టే.

కొత్త సేవ్ తీసుంటే నాకు ఆ జాబితా కనపడేది కాదు. ఆటలో మనం కనిపెట్టినవాటి చిట్టా ఒకటుంటుంది. తెరిచాను. కొన్ని పోయాయి. తెనాలి ఉంది. జంపని లేదు, వేమూరు ఉంది, భట్టిప్రోలు ఉంది. అన్నిటికన్నా చివర, నేను పాస్‌వర్డ్ మార్చడానికి ముందు రాత్రి తేదీతో ఒక గ్రహం ఉంది. నేను దిగిన ఆ మంచు గ్రహమే. పేరు రేపల్లె.

వాడికి దొరికింది. నాకు చెప్పలేదు. చెప్పడానికి మర్నాడు ఊర్నించి వచ్చేసరికి నేను గదిలో ఉపన్యాసంతో సిద్ధంగా ఉన్నాను.

చాలాసేపు అలా కూర్చున్నా. 2024 సెప్టెంబరు గుర్తొచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయిన రోజు, రేపల్లె వేపు కరకట్ట మీద జనం కాపలా ఉన్నారని కాలేజీ గ్రూపులో ఫొటోలు పడ్డాయి. కెప్టెన్ వాళ్ళకి అటే రొయ్యల చెరువులు. ఫోను తీసి నంబరు దాకా వెళ్ళాను. ఎనిమిదేళ్ళు మాట్లాడకుండా వరదొచ్చిందని చేస్తే ఏమనుకుంటాడో అని మానేశాను. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నా. అది కూడా ఒకరకం ఫేజ్ 2.

ఈసారి స్క్రీన్‌షాట్ పంపాను. ఒక్క మాట కూడా రాయలేదు, ఏం రాయాలో తెలీక. రాత్రి ఒంటిగంటన్నర. టిక్కులు నీలం అయ్యాయి. నలభై నిమిషాల తర్వాత జవాబొచ్చింది: "రేపల్లె రా."

మర్నాడు సాయంత్రం బండెక్కాను. చినరావూరు, జంపని, వేమూరు. కిటికీ పక్కన పచ్చటి వరి, కాలవలు. చిన్నప్పట్నించీ ఎన్నోసార్లు తిరిగిన దారే, స్టేషను పేర్లు చదువుతుంటే మాత్రం ఆటలో దూకులు దూకుతున్నట్టే ఉంది. స్టేషనుకి బండేసుకుని వచ్చాడు. లావయ్యాడు. రొయ్యల మేత డీలర్‌షిప్పు, చెరువులు, పెళ్ళి, ఒక పాప. వరదకి ఒక చెరువు పోయింది, మిగతావి నిలబడ్డాయి అన్నాడు, అడక్కుండానే. ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు చెప్పాడు.

మేడ మీద గదిలో కంప్యూటరుంది. నెక్స్ట్ వచ్చాక 2018లో సేల్‌లో సొంతంగా కొనుక్కున్నాడట. ఎన్ని గంటలు ఆడావురా అంటే "పదకొండొందలు" అన్నాడు. స్టేషన్లన్నీ మళ్ళీ మొదట్నించీ కట్టాడు, తెనాలి నుంచి. ఇప్పుడు లైను కృష్ణ దాటి అవనిగడ్డ మీదుగా పోతోంది, రైల్వే వాళ్ళు వెయ్యలేదు కాబట్టి తనే వేస్తున్నాడట. నేను ఉత్సాహంగా నా థియరీ చెప్పాను, కొత్త సేవ్ తియ్యకూడదు, పాతదాంట్లోకే రావాలి అని. వాడు తెర మీంచి చూపు తిప్పకుండా "నాకా ఛాన్సు నువ్విచ్చావేంట్రా" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. పై పేరాలో అంత ధీమాగా రాసిన మాట ఎంతవరకు నిలబడుతుందో మీరే చూసుకోండి.

ఫోను తీసి "నీ సగం పంపిస్తున్నా, నంబరు ఇదేగా" అన్నాను.

"ఏటీఎంలో డబ్బులొచ్చాయా?"

వాళ్ళావిడ టీ తీసుకొచ్చేసరికి ఇద్దరం పడీ పడీ నవ్వుతున్నాం. ఆవిడకేం అర్థం కాలేదు. డబ్బులు తీసుకోలేదు. దాని బదులు ఇండియం ఫారం పెట్టాలి, వచ్చే నెలంతా రాత్రి పదింటికి రమ్మన్నాడు. నా లాప్‌టాప్ కూడా తెరిచాం. వాడు నా చోటికి దూకి వచ్చాడు. ఆ మంచు గ్రహం మీద వాడి ఎర్ర సూటు నాకు కనిపించింది. వాడు కాసేపు అటూ ఇటూ తిరిగి, "నేను పెట్టినప్పుడు ఇక్కడ మడ చెట్లలా ఉండేవి మావా, నిజాంపట్నం పక్కన ఉన్నట్టు" అన్నాడు. అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టరు ఫానుకే.

వచ్చేముందు పాత పాస్‌వర్డ్ ఏంట్రా అనడిగాడు. చెప్పాను. ఎం-2 పాసవ్వు అనీ, పక్కన నాలుగంకెలూ. "పాసయ్యాగా" అన్నాడు. దాన్నే మళ్ళీ పెట్టి వాడికిచ్చేశాను. వాడి అసలు సేవ్ అందులోనే ఉంది కదా.

ఇప్పుడు హైదరాబాదులో రాత్రి పన్నెండు దాటాక లాగిన్ అయితే ఒక్కోసారి, ఈ అకౌంటుతో వేరే కంప్యూటర్‌లో ఆడుతున్నారు, ఇక్కడ తెరిస్తే అక్కడ ఆగిపోతుంది, తెరవమంటారా అని అడుగుతుంది. వద్దు అని నొక్కి, ఏదో సినిమా పెట్టుకుని పడుకుంటున్నాను.